వ్యాపారం మొదలైన తేదీ

అత్తగారు తనంతట తాను ముక్కాలిపీట లాక్కుని గుడ్ల బుట్ట ముందు కూర్చునేసరికి కోడలికి గుండె ఝల్లుమంది.

పొద్దున్నే గుడ్లు తుడవడమనేది ఆ ఇంట్లో ఎవరూ పోటీపడే పని కాదు. నూట ఇరవై గుడ్లు. ఒక్కోదానికీ అంటుకున్న రెట్ట, ఈక, గడ్డిపరక గోరువెచ్చని నీళ్ళలో ముంచిన గుడ్డతో తుడవాలి. గట్టిగా రుద్దితే పగులుతుంది, మెల్లిగా రుద్దితే పోదు. కోళ్ళు వచ్చిన దగ్గర్నుంచీ అది ఆమె పనే. కొత్తలో ఒకసారి "మీరూ ఓ చెయ్యి వెయ్యండి అత్తయ్యా" అంటే, "కోళ్ళు కావాలన్నది నువ్వు, వాటి సంబరమేదో నువ్వే చూసుకో" అన్న మనిషి. అలాంటావిడ ఇవాళ కొంగు నడుముకి దోపుకుని, "లే, నడుం పట్టేస్తుంది. ఇవి నేను చూస్తాలే" అంటోంది. ఊరక రారు మహానుభావులు అని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా!

"వాడు నీకు చెప్పాడా?" అంది అత్తగారు, ఒక గుడ్డుని వెలుతురుకి పెట్టి చూస్తూ. "తోట వ్యాపారం మొత్తం నీ పేర రిజిస్టరు చేయిస్తాడట. కష్టపడేది అది, పేరు దానికే రావాలి కదమ్మా అన్నాడు. నిజమే కదా మరి. మా రోజుల్లో ఇలా అనే మగాళ్ళు ఉన్నారా?"

కష్టపడేది అది. ఆ మాట ఆ ఇంట్లో వినపడడం ఆమెకి కొత్త. సంతోషపడాలనుకుంది. సంతోషానికి బదులు, వంట మాడుతున్న వాసన ముందుగా పసిగట్టినప్పటిలాంటి కంగారు పుట్టింది. ఆ ఇంట్లో ఆమెకి ఉన్న పేరు కూడా అదే, కంగారు. మరిది పెట్టాడు, మొగుడు ఖాయం చేశాడు, అందరూ నవ్వుకున్నారు. కొన్నాళ్ళకి ఆమే ఫోనులో "నేనే, కంగారుని" అనడం అలవాటు చేసుకుంది. మనుషులు ఎలాంటి వాటికి అలవాటు పడతారో చెప్పలేం.

తోట అంటే మూడెకరాలు. మామగారు పోతూ ఇద్దరు కొడుకులకీ ఉమ్మడిగా రాసిన ముళ్ళకంపల నేల. అమ్మితే ఎవరూ కొనరని వదిలేశారు. భర్తకి రవాణా ఆఫీసులో ఉద్యోగం, మరిదికి బస్తీలో కంప్యూటర్ల మీద బొమ్మలు వేసే పని. ఆమె మొదట ఒక్క మడిలో ఆకుకూర వేసింది, ఇంటికి పనికొస్తుందని. తర్వాత టమాటా, చిక్కుడు, బీట్‌రూట్, కోళ్ళు, ఒక చీకటి షెడ్డులో పుట్టగొడుగులు. ఇప్పుడు వారానికి అరవై ఇళ్ళకి అట్టపెట్టెలు వెళ్తాయి. ఏ ఇంట్లో వంకాయ పడదో, ఏ ఇంటి కుక్క కరుస్తుందో ఆమెకి నోటికి వచ్చు. అట్టపెట్టె మీద మాత్రం అన్నదమ్ముల ఇంటిపేరు. మార్కెట్ సంఘం కార్డు మీద భర్త పేరు. ఆదివారాలు ఆయన గడ్డిటోపీ పెట్టుకుని వచ్చినవాళ్ళకి "ఇది నేను వేసిన టమాటా" అని చూపిస్తాడు. ఎన్ని రోజులకి కాపుకొస్తుందని వాళ్ళడిగితే వెనక్కి తిరిగి, "ఎన్ని రోజులోయ్?" అని ఆమెని అడిగి, అదే వాళ్ళకి ఇంకొంచెం గంభీరంగా చెప్తాడు. కాగితాల్లో ఆమె ఉన్నది ఒకే ఒక్క చోట. సంఘం వాళ్ళ ఫారంలో, జీతం లేకుండా సహాయపడు కుటుంబ సభ్యులు అన్న గడిలో ఒక అంకె. ఆ అంకె ఒకటి.

ఆయన ఆ సాయంత్రం ఆఫీసు నుంచి గంట ముందే వచ్చాడు. చెప్పులు విప్పిన చోటే విడిచి, చేతిలో ఫారం ఊపుతూ వంటగదిలోకి వచ్చాడు. వంటగదిలోకి ఆయన రావడం అంటే ఆకలన్నా అయ్యుండాలి, అవసరమన్నా అయ్యుండాలి.

"ఇదిగో యజమానురాలా! ఇక్కడ, ఇక్కడ, వెనక పేజీలో ఇక్కడ. పెన్సిల్‌తో గుర్తులు పెట్టాను. సంతకం గీకేసి ఇచ్చెయ్, రేపు ఆఫీసుకి వెళ్తూ ఇచ్చేస్తాను."

"చేతులు తడిగా ఉన్నాయండీ. పొద్దున్న పెడతాను."

"తుడుచుకోవోయ్, ఎంతసేపు?"

"నూనె చేతులు. కాగితం పాడవుతుంది."

ఆయన మొహంలో ఏదో మెరిసి మాయమైంది. వెంటనే నవ్వాడు. "సరే, నీ ఇష్టం. నీ వ్యాపారం, నీ ఇష్టం" అన్నాడు. ఆయన "నీ ఇష్టం" అంటే "నా ఇష్టం ఎందుకు కాలేదు" అని అర్థమని పదకొండేళ్ళ కాపరం ఆమెకి నేర్పింది. ఈసారి మాత్రం విసుగు లేదు, గొంతులో తేనె. అరచేతిలో వైకుంఠం చూపిస్తున్న మనిషి అరచెయ్యినే ముందు చూడాలి. ఆమె పొయ్యి కట్టేసి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, ఫారం తీసుకుని పుట్టగొడుగుల షెడ్డులోకి వెళ్ళింది. ఆ తేమ వాసన భరించలేక అక్కడికి ఇంకెవరూ రారు.

ఫారం అంతా మరిది గుండ్రటి చేతిరాతతో నింపేసి ఉంది. తోట పేరు, పంటలు, సందర్శకుల రోజులు. యజమాని అన్న గడిలో ఆమె పేరు. పక్క గడిలో, వృత్తి: గృహిణి. తోట యజమానురాలిగా పెట్టే కాగితంలోనే, చెయ్యి అలవాటు కొద్దీ, గృహిణి అని రాసేశాడు. దానికి ఆమెకి నవ్వొచ్చింది. ఆ కింద వ్యాపారం మొదలైన తేదీ చూశాక నవ్వు ఆగిపోయింది. మార్చి ఒకటి.

ఇప్పుడు సెప్టెంబరు. ఇవాళ పెట్టే సంతకానికి మార్చి ఎందుకు? బయటికి వచ్చి, టీవీ ముందు కూర్చున్న భర్తని మామూలుగా అడిగినట్టే అడిగింది.

"ఏదో ఒకటి వెయ్యాలిగా! వాడికి తెలుసులే అవన్నీ" అన్నాడాయన టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా. ఆ సమయంలో టీవీలో వస్తున్నది వంటనూనె ప్రకటన.

మార్చికీ సెప్టెంబరుకీ మధ్యలో ఏముంది? జూన్ ఉంది. జూన్‌లో ఒక ఆదివారం ఉంది. "మీరే వచ్చి కోసుకోండి" అన్న పథకం మరిదిది. వాడే రంగురంగుల కాగితాలు అచ్చువేసి, కింద అన్నగారి పేరూ ఫోన్ నంబరూ వేసి ఊరంతా పంచాడు. నలభై మంది వచ్చారు. నీళ్ళ కాలవ మీద దాటడానికి వేసిన పలక పుచ్చిపోయిందని ఆమె అంతకుముందే మూడుసార్లు చెప్పింది. ఒకసారి భోజనాల దగ్గర, ఒకసారి ఫోనులో, మూడోసారి ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పలకలోకి వేలు గుచ్చి చూపించింది. "అదిగో, కంగారు మొదలెట్టింది" అని అన్నదమ్ములు నవ్వారు. వచ్చినవాళ్ళకి గేటు దగ్గర ముస్తాబు కనపడాలి, ఆడవాళ్ళ కంగారు కాదు అన్నాడు మరిది. పన్నెండు గంటలకి రిటైరైన లెక్కల టీచరు ఒకావిడ బుట్టతో సహా ఆ పలక మీద కాలుపెట్టింది. తుంటి ఎముక విరిగింది. భర్త ఒక్కసారి ఆసుపత్రికి పళ్ళు పట్టుకెళ్ళాడు. తర్వాత ఎవరు చెప్పారో ఏమో, "మళ్ళీ మళ్ళీ వెళ్తే తప్పు ఒప్పుకున్నట్టే. నువ్వూ వెళ్ళకు" అన్నాడు. ఆమె వెళ్ళలేదు. వెళ్ళనందుకు ఇప్పటికీ సిగ్గుపడుతుంది.

మర్నాడు గురువారం. గురువారం మధ్యాహ్నాలు ఆమె విత్తనాలకి వెళ్తుంది. అంటే ఇంట్లో అలా చెప్తుంది. నిజానికి వెళ్ళేది లైబ్రరీ మేడ మీద గదికి. చిన్న కమతాలు నడిపేవాళ్ళకి ఒక లాయరమ్మ అక్కడ ఉచితంగా చట్టం పాఠాలు చెప్తుంది. నెలలో నాలుగుసార్లు విత్తనాలకి వెళ్ళే మనిషి మీద ఆ ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. తను ఏం చేస్తుందో ఎవరూ పట్టించుకోకపోవడంలో ఉన్న సుఖం అదొక్కటే. పాత పుస్తకాల అట్టల వాసన వేసే ఆ గదిలో పన్నెండు మంది ఉంటారు. తేనె అమ్మే ముసలాయన, మేకలు పెంచే అక్కాచెల్లెళ్ళు, పూలు పండించే ఓ బక్కపలచని మనిషి. మొదటి వారమే లాయరమ్మ బోర్డు మీద రెండు గడులు గీసి చెప్పింది. "ఒకటి మీరు, ఒకటి మీ వ్యాపారం. ఊరికే మీ పేర రిజిస్టరు చేయించుకుంటే ఈ రెండు గడులూ ఒకటే. వ్యాపారానికి తగిలిన దెబ్బ మీ ఇంటికీ తగులుతుంది. కంపెనీగా పెట్టుకుంటే మధ్యలో గోడ. గోడ కట్టడానికి కాస్త తిప్పలు పడాలి, కట్టకపోతే జీవితమంతా తిప్పలే."

పాఠం అయ్యాక అందరూ మెట్లు దిగేదాకా ఆగి, ఆమె విత్తనాల సంచిలోంచి ఫారం తీసింది. లాయరమ్మ ఆమె వయసుదే. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని చదువుతుంది. "తోట ఓనరు వృత్తి గృహిణా?" అని పకపకా నవ్వింది. తర్వాత లాయరమ్మ నవ్వు కూడా సరిగ్గా అదే గడి దగ్గర ఆగిపోయింది.

"మార్చి ఒకటి ఎవరు వేశారు?"

"మా మరిది."

"మార్చి తర్వాత తోటలో ఏదైనా జరిగిందా? ఎవరికైనా దెబ్బ తగలడం, తిన్నది పడకపోవడం?"

ఆమె టీచరు సంగతి చెప్పింది. పలక సంగతీ చెప్పింది. లాయరమ్మ ఫారం బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి పెట్టింది, ఎగిరిపోతుందేమోనన్నట్టు.

"పొలం ఎవరిది?"

"అన్నదమ్ములిద్దరిదీ."

"మీ పేర ఏముంది?"

"మా నాన్న ఇచ్చిన రెండు గదుల ఇల్లు. అద్దెకిచ్చాను."

"ఇన్సూరెన్సు?"

"లేదు."

"మరి వినండి. ఈ తేదీతో సంతకం పెడితే, జూన్‌లో ఆవిడ పడింది మీ వ్యాపారంలో. పొలం ఓనర్లని కూడా అడగొచ్చనుకోండి, కానీ ముందు వేలు పెట్టి చూపించడానికి ఒక మనిషి దొరుకుతుంది. ఆ మనిషి మీరు. పోయేది మీ రెండు గదులు. దెబ్బ తగిలినావిడ దగ్గర్నుంచి ఏదైనా ఉత్తరం వచ్చిందా?"

"నాకు తెలిసి రాలేదండీ."

"ఇంటికొచ్చిన ఉత్తరాలన్నీ మీకు తెలుస్తాయా?"

ఆమె ఫారం మళ్ళీ తన వైపుకి లాక్కుంది. "కానీ అది అబద్ధం కూడా కాదు కదండీ. పదకొండేళ్ళుగా చేస్తున్నది నేనే. నిజం తేదీ వెయ్యాలంటే మార్చి కంటే ఇంకా వెనక్కి వెళ్ళాలి." ఒక్కసారి కాగితం మీద తన పేరు చూసుకోవాలన్న ఆశ ఎంత పెద్దదో, అది ఉచ్చుగా మారాక గాని ఆమెకి తెలియలేదు.

"పని మీది. పిలిచింది వాళ్ళు" అంది లాయరమ్మ మెత్తగా. "సంఘం కార్డు ఆయన పేర, పంచిన కాగితం ఆయన పేర, పలక మార్చాల్సింది ఆయన. కాగితానికి పని కనపడదమ్మా, పేరే కనపడుతుంది. ఇన్నాళ్ళూ అది మీకు అన్యాయం చేసింది. ఈ ఒక్కసారికి మీ పక్షాన ఉండనివ్వండి."

ఆమె ఇంటికి వెళ్ళలేదు. తిన్నగా టీచరుగారింటికి వెళ్ళింది. కింది అంతస్తులో ఒక చిన్న వాటా. తలుపు తియ్యడానికి లోపలి మనిషికి చాలాసేపు పట్టింది, నడవడానికి ఊతంగా పట్టుకునే ఇనపచట్రం గచ్చు మీద ఈడ్చుకుంటూ వస్తున్న చప్పుడు ఒక్కో అడుగూ వినపడింది. ఆ చప్పుడుకి ఆమె గుమ్మం బయటే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఇన్నాళ్ళకా?" అంది టీచరు. తిట్టినట్టు లేదు, లెక్క సరిచూసుకున్నట్టు ఉంది. కూర్చోమంది. "మా తమ్ముడు లాయరు చేత ఉత్తరం పంపించి ఇరవై రెండు రోజులైంది. మీ అత్తగారు సంతకం పెట్టి తీసుకున్నారట. అందలేదా నీకు? నీ తోటే కదమ్మా అది?"

"నా తోటని ఎవరన్నారండీ?"

"మీ ఆయనే. తమ్ముడు ఫోను చేస్తే చెప్పాడట. తోట మా ఆవిడదండీ, మొదట్నించీ అన్నీ ఆవిడే చూసుకుంటుంది, నాకు ఉద్యోగం ఉంది, నేను ఆదివారాలు సరదాకి వెళ్తుంటానంతే అని."

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అదే ఆమెని కోసేసింది. పదకొండేళ్ళు ఆ వాక్యం కోసం చెవులు రిక్కించుకుని బతికింది. చుట్టాల ముందు అంటాడేమోనని, సంఘం మీటింగులో అంటాడేమోనని, కనీసం తామిద్దరే ఉన్నప్పుడైనా అంటాడేమోనని. తోట మా ఆవిడది. చివరికి అన్నాడు, ముక్కూమొహం తెలియని వాడితో, ఫోనులో, తను తప్పించుకోవడానికి. ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది, ఆ మంటలో తల మాత్రం చల్లగా పనిచెయ్యడం మొదలుపెట్టింది. జరిగింది జరిగినట్టు టీచరుకి చెప్పింది. పలక, మూడుసార్లు, వేలు గుచ్చి చూపించడం, అంతా. "అవసరమైతే రాసిస్తాను" అంది. టీచరు, "మీ ఇంట్లో నీకు కష్టమవుతుందేమో ఆలోచించుకో" అంది. ఆ ఇంట్లో ఎవరికీ రాని ఆలోచన, తుంటి విరిగి ఇంటికి అతుక్కున్న మనిషికి వచ్చింది.

ఆ మూడు రోజులూ సంతకం అడిగినప్పుడల్లా ఆమెకి పని తగిలింది. గురువారం పొద్దున్న కోళ్ళ మేత, శుక్రవారం మడులు తడపడం, శనివారం షెడ్డు కడగడం. శుక్రవారమే మళ్ళీ విత్తనాలకి అని లాయరమ్మ దగ్గరికి వెళ్ళొచ్చింది. అత్తగారు మాత్రం రోజూ గుడ్లు తుడిచింది. పాపం, మూడో రోజుకి ఆవిడ నడుం నిజంగానే పట్టేసింది.

ఆదివారం భోజనాలయ్యాక మరిది కూడా ఉన్నాడు. గిన్నెలు తీసేసి, బల్ల తుడిచి, తడి ఆరేదాకా ఆగి, ఆమె కాగితాలు పరిచింది.

"పెట్టేశావా?" అన్నాడు భర్త.

"పెట్టాను. కాకపోతే అది వేరే ఫారం. వ్యాపారం నా ఒక్కదాని పేర కంపెనీగా పెడుతున్నాను. మొదలయ్యే తేదీ రేపు."

మరిది కాగితం లాక్కుని చూశాడు. "వదినా, మార్చి వెయ్యాలి. దానికో కారణం ఉంది, నీకు అర్థం కాదు."

"జూన్ కదా ఆ కారణం? అర్థమైంది."

అత్తగారు తేలు కుట్టిన దొంగలా గోడవైపు చూసింది. భర్త తల్లి వైపు చూశాడు. ఎవరు నోరు జారారో తేల్చుకోవడానికి ఆ ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటుంటే, ఆమె రెండో కాగితం ముందుకి జరిపింది.

"ఇది కౌలు పత్రం. మూడెకరాలూ పన్నెండేళ్ళు నాకు కౌలుకి ఇస్తున్నట్టు. మీ ఇద్దరి సంతకాలు కావాలి. టీచరుగారికి జరిగింది జరిగినట్టు చెప్పేశాను. మీరూ వెళ్ళి మాట్లాడుకోండి, ఆవిడ న్యాయమైన మనిషి. ఇన్సూరెన్సు కట్టేదాకా గేటు తియ్యను."

"మొగుడూ పెళ్ళాల మధ్య కౌలేమిటే?" అన్నాడు భర్త. గొంతులో తేనె అయిపోయింది. "నలుగురూ వింటే నవ్విపోతారు!"

"మొగుడూ పెళ్ళాల మధ్యకి మార్చి ఒకటి ఎలా వచ్చింది?"

"పెట్టకపోతే?" అన్నాడు మరిది.

"పెట్టకపోతే పొలం మీదేగా, చేసుకోండి. మంగళవారం అరవై పెట్టెలు వెళ్ళాలి. కోళ్ళకి ఐదింటికి మేత. పుట్టగొడుగుల షెడ్డులో తేమ చూసుకోవాలి, ఎక్కువైతే కుళ్ళిపోతాయి, తక్కువైతే పుట్టవు. ఎంతుండాలో నేను ఎక్కడా రాయలేదు." ఆమె గొంతు పెంచలేదు. భయం వేస్తోంది, నిజంగానే వేస్తోంది. భయంతోనే కూర్చుంది.

"అంటే నామీద నీకు నమ్మకం లేదన్నమాట" అన్నాడు భర్త.

ఆమె పెన్ను ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని అందుకుని సంతకం పెట్టాల్సిన చోటికి వంగాడు. మరిది చెయ్యి అడ్డంపెట్టి, "ఆగన్నయ్యా, ముందు మొత్తం చదువు. ఏం రాయించిందో ఏమో!" అన్నాడు.

భర్త కుర్చీ బల్ల దగ్గరికి లాక్కున్నాడు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆమె ఎన్నో రాసింది. తేవాల్సిన సామాను చీటీలు, పుట్టింటి నుంచి రెండు ఉత్తరాలు, ఒకసారి మాట్లాడుకోలేనంత గొడవైనప్పుడు నాలుగు పేజీలు. ఏదిచ్చినా "విషయం చెప్పవోయ్, ఇదంతా ఎవడు చదువుతాడు" అని తిరిగిచ్చేసేవాడు. ఇప్పుడు మొదటి వాక్యం కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, ఒక్కో మాట దగ్గరా ఆగి దాని వెనక ఏముందోనని వెతుకుతూ, ఆమె చెప్పదలచుకున్నది అక్షరం వదలకుండా చదువుతున్నాడు.